బోల్డ్ అంటే ఏంటి అసలు?

ఈమధ్య ఏ ఇంటర్వ్యూ చూసినా 'బోల్డ్' అన్న మాటే. సినిమాలో ముద్దు సీను ఉంటే బోల్డ్. ప్రెస్‌మీట్‌లో అవతలి నాయకుడి ఇంట్లో ఆడవాళ్ళను కూడా వదలకుండా తిడితే బోల్డ్. పైగా 'ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి' అని కామెంట్లలో జేజేలు. చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. వెనకాల పార్టీ, చుట్టూ అనుచరులు, పక్కన గన్‌మెన్ ఉన్నవాడు మైకు పట్టుకుని బూతులు తిట్టడానికి ధైర్యం ఎందుకండీ? అతనికి పోయేదేముంది?

ముద్దు సీను మీద నాకు కోపం లేదు. కానీ పోస్టర్ మీద ఆ మాట వేసి టికెట్లు అమ్ముకునేది ఒకరు, తర్వాత ఏళ్ళ తరబడి తిట్లు తినేది ఆ నటి ఒక్కతే.

మాది రాజమండ్రి. 1881 డిసెంబర్ 11న మా ఊళ్ళోనే కందుకూరి వీరేశలింగం గారు తెలుగునాట మొదటి వితంతు వివాహం జరిపించారు. అప్పటికి వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం వచ్చి పాతికేళ్ళు. 1856 నుంచీ కాగితం మీద ఉంది, మన దగ్గర పందిట్లోకి తెచ్చేవాళ్ళే లేరు. తెచ్చినందుకు ఆయన్ని వెలివేశారు. ఆయన పేరు అందరికీ తెలుసు. నాకు మాత్రం ఎప్పుడూ ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గుర్తొస్తారు. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు ఆ ఇంటి గడప తొక్కడం మానేస్తే, ఆవిడే గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి, వండి పెట్టారు. దారి పొడుగునా ఎన్ని మాటలు పడి ఉంటారో! బిందె దించి, మళ్ళీ వెళ్ళారు. బోల్డ్ అంటే నా కంటికి కనిపించేది అదే.

గట్టిగా అరవక్కర్లేదు కూడా. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర ఒక వాలంటీరు పిల్ల, టికెట్ లేదని నెహ్రూనే లోపలికి పోనివ్వలేదు. పధ్నాలుగేళ్ళ దుర్గాబాయి, తర్వాత దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ అయిన ఆవిడే. ఎవర్నీ తిట్టలేదు, టికెట్ అడిగింది, అంతే.

నూట నలభై ఏళ్ళు దాటింది కదా, అదంతా పాత కథ అనుకుంటారేమో. మూడేళ్ళ క్రితం మా మేనత్త కూతురి పెళ్ళి. మావయ్య పోయాక తొమ్మిదేళ్ళు ఒంటిచేత్తో పెంచింది అత్తయ్య. అప్పు చేసి పెళ్ళి చేస్తోంది. తీరా ముహూర్తం వేళకి చూస్తే వంటల పందిరి పక్కన స్తంభం చాటున నిలబడి ఉంది. ఎవరూ పొమ్మనలేదు, తనే వెళ్ళిపోయింది. మేమంతా చూశాం. నేను కూడా ఫోన్‌లో ఫొటోలు తీస్తూ ఊరుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

పెళ్ళికూతురే అంది, "అమ్మ వచ్చి అక్షింతలు వేస్తేగానీ తాళి కట్టించుకోను" అని. గొంతు వణుకుతోంది. మేళం ఆగిపోయింది. మగపెళ్ళివారి పెద్దాయన ఒకరు లేచి బయటికి వెళ్ళిపోయారు. పంతులుగారు తల దించుకుని కూర్చున్నారు. పెళ్ళికొడుకు మాత్రం, "రండి అత్తయ్యగారూ" అన్నాడు. అత్తయ్య వచ్చింది. చేతులు వణికి సగం అక్షింతలు తన చీర మీదే పడ్డాయి.

రెండు కుటుంబాలు భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాయి. తర్వాత నెల రోజులు చుట్టాల్లో ఇదే చర్చ. ఆ పిల్లని ఒక్కరు కూడా బోల్డ్ అనలేదు. పొగరన్నారు.

వచ్చే మాఘంలో మా తమ్ముడి పెళ్ళి. పీటల పక్కన మొదటి కుర్చీ నీదే అని అత్తయ్యకి చెప్పేశాను. అప్పుడే ఇద్దరు ఫోన్ చేసి, "పెద్దవాళ్ళు బాధపడతారేమో, ఆలోచించు" అన్నారు. బాధపడితే పడనివ్వండి అన్నాను. ఫోన్ పెట్టేశాక గుండె దడదడలాడింది. అయినా కుర్చీ అక్కడే ఉంటుంది.