గులాబీరంగు రిబ్బను గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గులాబీరంగు రిబ్బను గారి సముఖమునకు ఒక పాఠకుడు విన్నవించుకునేది:

నథానియల్ హాథార్న్ 1835లో ప్రచురించిన ‘యంగ్ గుడ్‌మన్ బ్రౌన్’ కథలో తమరి నివాసం ఫెయిత్ (అంటే ‘విశ్వాసం’) అనే ఇల్లాలి టోపీ. పెళ్లయి మూడు నెలలే అయిన ఆమెను, ప్యూరిటన్లనే కఠిన నిష్ఠగల క్రైస్తవులు నివసించిన అమెరికాలోని మసాచుసెట్స్ సేలం గ్రామంలో వదిలి, ఆమె భర్త బ్రౌన్ ఒక సాయంత్రం సాతానుతో కుదుర్చుకున్న పని మీద అడవికి బయలుదేరాడు. ఈ ఒక్క రాత్రి గడిస్తే చాలు, ఆపైన ఆవిడ చెంగు పట్టుకుని నేరుగా పరలోకానికి పోవచ్చునని ఆయన లెక్క. ఆ లెక్కను తారుమారు చేసిన ఘనతను లోకం సాతానుకు కట్టబెడుతున్నది గాని, అది తమరికి జరిగిన అన్యాయమని నా అభిప్రాయం.

సాతాను పడిన పాట్లు చూడండి. సేలం వీధుల్లో, ప్యూరిటన్లు సహించని క్వేకర్ అనే క్రైస్తవశాఖ స్త్రీని కొరడాతో కొట్టించిన మీ తాతకు తోడుగా ఉన్నది నేనేనని, కింగ్ ఫిలిప్ యుద్ధంలో అమెరికా ఆదివాసులైన ఇండియన్ల పల్లెను తగలబెట్టడానికి మీ తండ్రికి కాగడా అందించినదీ నేనేనని అతగాడు దారి పొడవునా బ్రౌన్‌కు చెప్పుకొచ్చాడు. ఇవి ఊరికే అల్లిన మాటలు కావు. వలసవాసులకూ ఆదివాసులకూ మధ్య ఆ యుద్ధం 1675లో మొదలైంది. దానికి ముందే, 1659కీ 1661కీ మధ్య, బోస్టన్‌లో నలుగురు క్వేకర్లను ఉరి తీశారు. క్వేకర్ స్త్రీకి కొరడా దెబ్బల శిక్ష వేసిన విలియం హాథార్న్ రచయితకు స్వయానా పూర్వీకుడు. అంతా విన్న బ్రౌన్ ఏమన్నాడు? మేము ప్రార్థన చేసుకునేవాళ్లం, సత్కార్యాలు చేసేవాళ్లం, అలాంటి దుర్మార్గాన్ని సహించం అన్నాడు. తనకు ధర్మపాఠాలు నేర్పిన గూడీ క్లాయిస్ ఆ దారినే పోతూ సాతానును పాత పరిచయస్తుణ్ణి పలకరించినట్లు పలకరించినప్పుడు కూడా, ఒక ముసలమ్మ నరకానికి పోతే నా ఫెయిత్‌ను నేనెందుకు వదులుకోవాలని చెట్టు మొద్దు మీద భీష్మించుకుని కూర్చున్నాడు. సాతాను సభకు పోతున్న పాదిరి గొంతు, చర్చి పెద్ద అయిన డీకన్ గొంతు చీకట్లో వినిపించి కొంత తడబడినా, మళ్లీ నిలదొక్కుకున్నాడు. అప్పుడు ఆకాశం నుంచి తమరు రాలి కొమ్మకు చిక్కుకున్నారు; ఫెయిత్ కూడా సాతాను పక్షం చేరిందని ఆయన తేల్చుకున్నాడు. కొరడా దెబ్బలకూ కాలిన పల్లెకూ చెక్కుచెదరని విశ్వాసం జానెడు గుడ్డపీలిక చేతికి రాగానే కూలిపోయింది. లోకంలో మంచి అన్నదే లేదు, ఈ లోకం సాతానుదే పొమ్మన్నాడు.

తమరి శక్తి అంతటిదని ఆ సమాజపు పెద్దలకు ముందే తెలుసేమో. రెండు వందల పౌండ్ల ఆస్తి లేనివాళ్లు ఖరీదైన లేసులు గాని పట్టు స్కార్ఫులు గాని ధరించరాదని మసాచుసెట్స్ పాలకులు 1651లోనే చట్టం చేశారు. మనిషి ఆత్మ ఏ స్థితిలో ఉన్నదో అతని బట్టలో, నడకలో, ముఖంలో కనిపెట్టగలమని నమ్మినవాళ్లు వాళ్లు. పైనుంచి ఏది రాలినా అందులో దైవసంకల్పాన్ని చదవడం వాళ్లకు పసితనం నుంచీ అలవాటు.

ఇక తమరి సాక్ష్యం సంగతి. 1692లో మంత్రగత్తెలన్న నేరం మోపి విచారణలు జరిపిన సేలం న్యాయస్థానం, ఫలానా ఆమె ఛాయారూపం వచ్చి మమ్మల్ని పీడించిందని బాధితులు చెబితే దాన్ని సాక్ష్యంగా స్వీకరించింది. ఆ ఏడు పందొమ్మిదిమందిని ఉరి తీశారు. జైల్స్ కోరీని బండరాళ్ల కింద నలిపి చంపారు. ఆ నీడలతో పోలిస్తే తమరు చేత్తో పట్టుకోదగిన వస్తువు, కాబట్టి ఒక మెట్టు పైనే. చిక్కల్లా మర్నాటి ఉదయమే. ఫెయిత్ తమరిని టోపీ మీద యథాప్రకారం ధరించి, ఊరంతా చూస్తున్నదనే బిడియం కూడా లేకుండా భర్తకు ఎదురు పరుగెత్తింది. రాత్రి కొమ్మకు చిక్కుకున్నది తమరైతే పొద్దున్నే టోపీ మీద ప్రత్యక్షమైనది ఎవరు? రచయిత పూర్వీకుల్లో మరొకడైన మేజిస్ట్రేట్ జాన్ హాథార్న్, నీకు ఏ దురాత్మతో సావాసమని ఆ విచారణల్లో నిందితురాలైన సారా గుడ్‌ను అడిగాడు. నేరం ముందే ఖాయం చేసుకుని వేసిన ప్రశ్న అయినా, అడగడమంటూ అడిగాడు. బ్రౌన్ ఆ పాటి శ్రమ కూడా తీసుకోలేదు. భార్య ముఖంలోకి కఠినంగా చూసి, పలకరించకుండా వెళ్లిపోయాడు. అనుమానం పెనుభూతమని మనం తేలిగ్గా అనేస్తాం గాని, దానికి భోజనం పెట్టి పెంచడానికి ఒక మనిషి జీవితకాలం పడుతుంది.

ఆయన విశ్వాసం పోగొట్టుకున్నాడన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. ఆయన గుడికి వెళ్లడం మానలేదు. పాదిరి బైబిలు మీద చెయ్యి పెట్టి బోధిస్తుంటే కప్పు కూలి మీద పడుతుందేమోనని వణుకుతూనే కూర్చున్నాడు. మనుషులంతా పుట్టుకతోనే చెడ్డవాళ్లని ప్రతి ఆదివారం ఆ వేదిక మీది నుంచి విన్నదే. అడవిలో సాతాను కొత్త మతం ఏమీ ప్రకటించలేదు. చెడుతనమే మానవ స్వభావమని అదే పాఠం అప్పజెప్పాడు. ఊళ్లో మిగతావాళ్లు ఆ సిద్ధాంతాన్ని విని ఇంటికి పోయి భోంచేసి పడుకునేవాళ్లు. దాన్ని అక్షరాలా నమ్మి, పక్కన పడుకున్న భార్యకు కూడా వర్తింపజేసిన ఏకైక నిష్ఠాపరుడు బ్రౌన్ ఒక్కడే.

చివరగా ఒక మనవి. ఆ విచారణల్లో కూర్చున్న న్యాయమూర్తి శామ్యూల్ సీవల్ 1697లో బోస్టన్ చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి, తన తప్పు ఒప్పుకోలు పత్రాన్ని చదివించుకున్నాడు. ముసలిదై, మనవలతో కలిసి భర్త శవం వెంట నడిచిన ఫెయిత్‌కు అటువంటి మాట ఏదీ దక్కినట్లు కథలో లేదు. అంతటి నేరం మోపడానికి ఆధారమైన తమరు, ఆ రాత్రి ఎక్కడ ఉన్నారో ఇప్పటికైనా వాంగ్మూలం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. టోపీ మీదనే ఉన్నానంటే ఆ సంగతి ఆమెకు కూడా ఒక ముక్క తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు