తాతయ్య గైడు పట్టుకుని ఢిల్లీ

మా బాబాయి ఫోన్‌లో మ్యాపును నమ్మరు. ఆయన నమ్మేది తాతయ్య గైడును. 1940ల్లో తాతయ్య తెనాలిలో జీటీ ఎక్స్‌ప్రెస్ రైలెక్కి ఢిల్లీ వెళ్లినప్పుడు కొన్న పుస్తకం అది. అట్ట ఎప్పుడో ఊడిపోతే కాకీ కాగితంతో కొత్తది వేసి పురికొసతో కుట్టారు. పేజీల అంచుల్లో పెన్సిలుతో తాతయ్య రాతలు: "ఇచట నీళ్లు తాగరాదు." "టాంగావాడు రెండణాలు ఎక్కువ అడిగెను. ఈయలేదు." మొన్న బాబాయి, పిన్ని, నేను ఢిల్లీ వెళ్తే మాకు దారి చూపించింది ఈ పుస్తకమే. స్వాతంత్ర్యం రాకముందు అచ్చయినదాన్ని పట్టుకుని తిరగడమేమిటని నేను నసిగితే, "కట్టడాలేమన్నా లేచి నడిచి పోతాయట్రా?" అన్నారు బాబాయి.

పోతాయని పొద్దున్నే తెలిసింది.

గైడు ప్రకారం మొదట చూడాల్సింది కింగ్స్‌వే. దాని చివర, ఇండియా గేట్ దగ్గర, గొడుగులాంటి రాతి ఛత్రం కింద అయిదో జార్జి చక్రవర్తి విగ్రహం. బాబాయి ఏనాడో హిందీ విశారద పాసయ్యారు. కరోల్‌బాగ్‌లో ఆటో ఆపి, "భ్రాతా, కింగ్స్‌వే చలేంగే?" అన్నారు. ఆ పిలుపుకి ఆటో అతను బిత్తరపోయినా మీటరు వేశాడు. ఎంతసేపు వెళ్లినా ఇండియా గేట్ రాదు. చివరికి ఓ మెట్రో స్టేషన్ దగ్గర దించి ఇదే కింగ్స్‌వే అన్నాడు. ఉత్తర ఢిల్లీలో కింగ్స్‌వే క్యాంప్ అని ఓ పేట ఉందండీ. మేం వెళ్లాల్సిన కింగ్స్‌వేకి స్వాతంత్ర్యం వచ్చాక రాజ్‌పథ్ అని పేరు పెట్టారు, 2022లో అది కాస్తా కర్తవ్యపథ్ అయిపోయింది. ఆ పాత పేరు పట్టుకుని ఇప్పుడు ఆటో ఎక్కితే పేటకే తీసుకెళ్తారు మరి.

మళ్లీ ఊరంతా దాటి వచ్చి చూస్తే, ఛత్రం కింద 28 అడుగుల నల్లరాతి నేతాజీ సెల్యూట్ చేస్తున్నారు. జార్జిగారిని 1968లోనే అక్కడినుంచి తీసేసి కొరొనేషన్ పార్కుకు పంపించేశారు. 1911 దర్బారులో ఢిల్లీని రాజధాని చేస్తున్నట్టు ఆయనే ప్రకటించిన చోటది. ఇంతకీ ఆ పార్కెక్కడంటే, మేం పొద్దున దిగి గొడవపడి వెనక్కి వచ్చిన కింగ్స్‌వే క్యాంప్‌కు కాస్త అవతల.

"చూశావా, ఆటోవాడికి అన్నీ తెలుసు. నువ్వే వెనక్కి తిప్పావు" అన్నారు బాబాయి.

మధ్యాహ్నం ఆంధ్రా భవన్‌లో భోంచేద్దామంటే ఆయనకు మనసొప్పలేదు. అసలు ఆంధ్ర రాష్ట్రమే పుట్టనప్పటి గైడు, అందులో ఆంధ్రా భవన్ ఎలా ఉంటుంది? పిన్ని మాత్రం ముద్దపప్పు, నెయ్యి, కందిపొడి అని గట్టిగా పట్టుబట్టింది కాబట్టి బతికిపోయాం. కుతుబ్ మీనార్ సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. 379 మెట్లూ ఎక్కాలని బాబాయి రెండు మోకాళ్లకీ పట్టీలు బిగించుకుని వచ్చారు. 1981 నుంచీ లోపలికి ఎవర్నీ ఎక్కనివ్వడం లేదు. ఆ పట్టీలతోనే చుట్టూ ప్రదక్షిణం చేసి వచ్చేశారు.

అసలు టెన్షన్ చాందినీ చౌక్‌లో మొదలైంది. "జేబుదొంగలు కలరు" అన్న వాక్యం కింద తాతయ్య రెండు గీతలు కొట్టి ఉంచారు. అంచేత బాబాయి పిన్ని ఫోనూ పర్సూ తీసుకుని తన సంచీలో వేసుకుని, సంచీని పొట్ట మీదికి తిప్పుకున్నారు. "జనంలో తప్పిపోతే కంగారు పడొద్దు. నడిబజారులో గడియారస్తంభం ఉంది. ఘంటాఘర్ అంటారు. ఎవరైనా సరే దాని కిందకి వచ్చి నిలబడాలి" అని పాఠం చెప్పి, మా ఇద్దరిచేతా అప్పజెప్పించుకున్నారు కూడా.

కినారీ బజార్ సందులో జరీ అంచులు చూస్తూ చూస్తూ పిన్ని మాయమైంది. నేను గబగబా ఆవిడ నంబరుకు ఫోన్ చేశాను. బాబాయి పొట్ట మీద సన్నాయి మోగింది.

"కంగారెందుకురా, స్తంభం దగ్గరికి వెళ్తే సరి" అన్నారాయన. ఎర్రకోట వైపునుంచి ఫతేపురీ మసీదు దాకా తలలు పైకెత్తి నడిచాం. స్తంభం లేదు. మసీదు దగ్గర వెనక్కి తిరిగాం. సగం దారికొచ్చేసరికి బాబాయి ఓ సైకిల్ రిక్షాకు అడ్డం పడ్డారు. రిక్షా అతను ఏదో అన్నాడు, విశారదలో ఆ మాటలు లేవు. టౌన్‌హాల్ ముందు విక్టోరియా రాణి ఉంటుందని గైడు చెబితే, అక్కడ స్వామి శ్రద్ధానంద నిలబడి ఉన్నారు. బాబాయి మొహం అప్పుడు పాలిపోయింది. ఓ కుర్రాణ్ణి ఆపి, "ఘంటాఘర్ కిస్ దిశా మే స్థిత్ హై?" అన్నారు.

"యహీ తో హై, అంకుల్."

"కహా?"

"యహీ!" అంటూ వాడు మా కాళ్లకింద నేల చూపించాడు.

ఆ స్తంభం 1950ల మొదట్లోనే కూలిపోయిందట. ఇప్పటికీ ఆ చోటును అందరూ ఘంటాఘర్ అనే అంటారు. ఆకాశంలోంచి కిందికి చూపు దించితే, పది అడుగుల దూరంలో రాతి దిమ్మె మీద పిన్ని. ఒళ్లో జరీ అంచుల పొట్లం, చేతిలో జిలేబీ ఆకు. అంచుల కొట్టాయనకు ఘంటాఘర్ అన్న ఒక్క ముక్క చెబితే, కుర్రాణ్ణి తోడిచ్చి దింపించాడట, జిలేబీ కూడా ఆయనే ఇప్పించాడట.

"ఇందాక ఇటునుంచే వెళ్లారు కదండీ. ఎంత అరిచినా మీరు పైకే చూస్తున్నారాయె" అంది.

బాబాయి రుమాలుతో మెడ తుడుచుకున్నారు. ఆ తర్వాత గైడు తెరిచి ఆ పేజీ మీద వేలితో కొట్టారు. "చూశావుట్రా? పుస్తకంలో చెప్పిన చోటే దొరికింది మీ పిన్ని. రేపు ఆగ్రా. టాంగా మాట్లాడుకోవాలి, ముప్ఫై రెండో పేజీలో..."

పిన్ని జిలేబీ ఆకు నాకిచ్చి, చెయ్యి తుడుచుకుని ఆయన ముందు చాపింది.

"ముందు నా ఫోన్ ఇటివ్వండి."