బండి జాడ ఎవరి సొత్తు?

రోడ్డు మీద బండ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రోజులు దగ్గరపడ్డాయి. ముందు కారు సడన్ బ్రేక్ వేస్తే వెనక వచ్చే బస్సుకు ఆ క్షణమే తెలుస్తుంది. మలుపు అవతల లారీ ఆగిపోయి ఉంటే ఇవతలి డ్రైవర్‌కు ముందే హెచ్చరిక అందుతుంది. ఈ పరిజ్ఞానాన్ని దేశమంతా తెస్తామని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ చెబుతున్నారు. మన హైదరాబాద్ నగరం పొలిమేరలో, కంది ఐఐటీ ప్రాంగణంలో డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించే టీహాన్ కేంద్రం 2022 నుంచే ఉంది. రోడ్లు ప్రభుత్వానివి, టెక్నాలజీ కంపెనీలది, ఇద్దరూ కలిస్తే పని అవుతుందన్నది ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న మాట. కలవండి, అభ్యంతరం లేదు. మేము అడిగేది ఒక్కటే. బండి ఎక్కడ బయల్దేరింది, ఎంత వేగంతో వెళ్లింది, ఎక్కడ ఎంతసేపు ఆగింది అనే లెక్క ఎవరి చేతికి పోతుంది? దీనికి జవాబు ఆ ఒప్పందాలపై సంతకాలు పడకముందే జనానికి తెలియాలి.

ఈ పరిజ్ఞానం అక్కర్లేదని అనేవాళ్లం కాదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఏం జరిగిందో ఈ నగరంలో తెలియనివారు లేరు. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు, అప్పటికే ప్రమాదానికి గురై చీకట్లో రోడ్డుపై పడి ఉన్న బైకును ఢీకొట్టి ఈడ్చుకెళ్లింది. మంటలు లేచాయి. 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. అంతకుముందు అటుగా వెళ్లిన ఏ బండి అయినా వెనక వచ్చేవాటికి ‘ఇక్కడ అడ్డం ఉంది’ అని ఒక్క సంకేతం పంపగలిగి ఉంటే ఆ బస్సు ఆగేదేమో. 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. ఆ సంఖ్యను తగ్గించే సాధనం ఏది వచ్చినా ఈ పత్రిక స్వాగతిస్తుంది.

కానీ ప్రాణం కాపాడటానికి బండి ఓనర్ ఎవరో తెలియాల్సిన పనే లేదు. వాహనం నుంచి వాహనానికి వెళ్లే భద్రతా సందేశంలో ఉండేది తానున్న చోటు, వేగం, దిశ, బ్రేకు పడిందా లేదా అన్న సంగతులు. సెకనుకు పదిసార్లు పంపుతుంది. కొన్ని వందల మీటర్ల దాకా చేరుతుంది. పక్క బండి దాన్ని విని, అవసరమైతే డ్రైవర్‌ను హెచ్చరించి, మరిచిపోవచ్చు. ఎక్కడా దాచుకోవాల్సిన అవసరం లేదు. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా, గుర్తింపు సంకేతాలను తరచూ మార్చుకుంటూ ఉండేలా దీన్ని రూపొందించిన ఇంజినీర్లు ముందే జాగ్రత్తపడ్డారు. యూరప్‌లో 2018 నుంచి కొత్త మోడల్ కార్లకు తప్పనిసరి చేసిన ఈ-కాల్ సంగతీ అంతే. ప్రమాదం జరిగితేనో, ఎవరైనా మీట నొక్కితేనో మాత్రమే అత్యవసర నంబరు 112కు కాల్ వెళ్తుంది. మామూలు సమయంలో ఆ పరికరం ఎవరికీ ఏమీ చెప్పదు.

మరి చిక్కంతా ఎక్కడ? కారులోని సిమ్ నుంచి, బండ్ల సంకేతాలు అందుకునేందుకు రోడ్డు పక్క స్తంభానికి బిగించిన పెట్టె నుంచి సమాచారం కంపెనీ సర్వర్‌కు చేరిన దగ్గర. వ్యాపారం మొదలయ్యేదీ అక్కడే. ఒక క్యాబ్ డ్రైవర్ సంగతే చూడండి. రాత్రి పదకొండున్నరకు గచ్చిబౌలిలో ప్రయాణికుణ్ని ఎక్కించుకుని శంషాబాద్‌లో దింపుతాడు. తిరుగు దారిలో ఆరాంఘర్ దగ్గర చాయ్ కోసం పావుగంట ఆగుతాడు. రెండు దాటాక బార్కస్‌లో ఇంటి ముందు బండి ఆపుతాడు. ఒక్క రాత్రి లెక్కలో ఏముందని అనిపిస్తుంది. అదే మూడు నెలల లెక్క చూస్తే? ఆయన ఇల్లెక్కడ, పిల్లల బడి ఏది, ఏ ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్లాడు, ఏ దర్గాకు, ఏ పార్టీ మీటింగ్‌కు, ఏ వడ్డీ వ్యాపారి ఇంటికి వెళ్లాడు అన్నీ బయటపడతాయి. ఆయన పేరు అందులో రాసి ఉండనక్కర్లేదు. రోజూ రాత్రి బండి ఆగే గుమ్మం చాలు.

ఇది మా భయం మాత్రమే కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ తన కార్ల జాడను, డ్రైవింగ్ తీరును సరైన అనుమతి లేకుండా సేకరించి అమ్ముకుందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో చర్య తీసుకుంది. కొన్ని సందర్భాల్లో మూడు సెకన్లకోసారి కారు ఎక్కడుందో నమోదు చేశారని ఆరోపించింది. ఆ సమాచారం చేతులు మారి ఇన్సూరెన్స్ కంపెనీల దాకా వెళ్లి, ప్రీమియాలపై ప్రభావం చూపింది. మన దగ్గర కూడా డ్రైవింగ్ తీరును బట్టి ప్రీమియం వసూలు చేసే పాలసీలకు 2022 జులైలోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతిచ్చింది. కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. సరుకు మన బండ్లదే.

అమ్మేవాళ్లు ప్రైవేటువాళ్లే కానక్కర్లేదు. 2019లో కేంద్ర రవాణా శాఖ ఏం చేసిందో గుర్తుచేసుకోవాలి. వాహన్, సారథి డేటాబేసుల్లోని రిజిస్ట్రేషన్లు, లైసెన్సుల సమాచారాన్ని టోకున ఇవ్వడానికి ఒక విధానం తెచ్చింది. వ్యాపార సంస్థలకు ఏడాదికి రూ.3 కోట్లని రేటు కూడా కట్టింది. 87 ప్రైవేటు కంపెనీలకు, 32 ప్రభుత్వ సంస్థలకు ఆ డేటా అందుబాటులోకి తెచ్చి రూ.65 కోట్లు సంపాదించామని ఆ ఏడాది జులైలో పార్లమెంటుకే చెప్పింది. బండి రిజిస్టర్ చేయించుకోకపోతే రోడ్డెక్కనివ్వరు. అలా చట్టప్రకారం తప్పనిసరిగా ఇచ్చిన వివరాలను మనల్ని ఒక్క మాట అడగకుండా అమ్మారు. గోప్యతపై విమర్శలు వచ్చాక 2020 జూన్‌లో ఆ విధానాన్ని రద్దు చేశారు. రద్దయింది విధానం. అప్పటికే కంపెనీల దగ్గరకు చేరిన వివరాలు వెనక్కి వస్తాయా? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు.

అప్పుడు పోయినవి బండి మోడలు, రిజిస్ట్రేషన్ వంటి వివరాలు. అవి కదలవు. ఈసారి పోబోయేది కదలికే. అందుకే ముందు నిబంధన, తర్వాత సంతకం అని పట్టుబడుతున్నాం.

చట్టం ఉంది కదా అంటారు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది 2017 ఆగస్టులో. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది 2023లో. దాని నిబంధనలు వెలువడింది 2025 నవంబరులో. కంపెనీలపై అసలు బాధ్యతలు అమలయ్యేది ఆ తర్వాత 18 నెలలకు. పైగా తాను నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే అధికారాన్ని కేంద్రం తన దగ్గరే ఉంచుకుంది. ఈ సందులో కుదిరే ఒప్పందం పదేళ్లో ముప్పయ్యేళ్లో నడుస్తుంది. ఆ తర్వాత ఏ నిబంధన వచ్చినా, ‘అప్పటి షరతుల ప్రకారమే పెట్టుబడి పెట్టాం’ అని కంపెనీ కోర్టుకు వెళ్తుంది. నష్టపరిహారం మన పన్నుల్లోంచే కట్టాలి.

ముప్పయ్యేళ్ల ఒప్పందమంటే ఏమిటో హైదరాబాద్‌కు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును 2023లో రూ.7,380 కోట్లకు 30 ఏళ్ల పాటు ఐఆర్‌బీ సంస్థకు లీజుకిచ్చారు. ధర ఎలా కట్టారు, లెక్క ఎక్కడిది అని ప్రతిపక్షంలో ఉన్న రేవంత్‌రెడ్డి గట్టిగా నిలదీశారు. ముఖ్యమంత్రి అయ్యాక 2024 డిసెంబరులో అదే లీజుపై సిట్ విచారణ ప్రకటించారు. అంటే సంతకం తర్వాత ప్రశ్నలడిగితే ఏమవుతుందో ఆయనకు మాకన్నా బాగా తెలుసు. ఇప్పుడు అదే ఔటర్‌పై బండ్లతో మాట్లాడే పరికరాలు పెట్టాల్సి వస్తే ఆ సమాచారం ఎవరిది? టోల్ వసూలు చేసే సంస్థదా, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏదా, పరికరం అమ్మిన కంపెనీదా? అప్పుడు ఇతరులను అడిగిన ప్రశ్నే ఇప్పుడు తనను అడిగితే ముఖ్యమంత్రి జవాబు చెప్పాలి. సమాచార హక్కు కింద అడిగినవాళ్లకు సెక్షన్ 8(1)(డి) చూపించి, వాణిజ్య రహస్యమంటూ తలుపు మూస్తే గత ప్రభుత్వానికీ ఈ ప్రభుత్వానికీ తేడా ఏముంటుంది?

షరతులంటూ కూర్చుంటే పెట్టుబడులు బెంగళూరుకో చెన్నైకో తరలిపోతాయని, అమెరికాలా ఇరవై ఏళ్లు నాన్చాల్సి వస్తుందని పరిశ్రమ వర్గాల వాదన. అమెరికా 1999లో ఇందుకోసం 75 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ కేటాయించి 2020లో అందులో 45 మెగాహెర్ట్జ్ వెనక్కి తీసుకున్న మాట నిజమే. అక్కడ ఆలస్యానికి కారణం ఏ సాంకేతిక ప్రమాణం ఉండాలన్న తగువు, ఇచ్చిన స్పెక్ట్రమ్‌ను సరిగా వాడకపోవడం. గోప్యత నిబంధనలు పెట్టినందుకు ఆగిపోలేదు.

ఇక్కడే మన నగరంలో మంచి ఉదాహరణ ఉంది. ట్రిపుల్ ఐటీ, ఇంటెల్, సీఎస్ఐఆర్ సంస్థలు ఆర్టీసీతో కలిసి ఐరాస్తే ప్రాజెక్టులో 200 బస్సులకు హెచ్చరిక పరికరాలు బిగించాయి. ముందు బండికి మరీ దగ్గరైతే డ్రైవర్ ఎదుట బీప్ మోగుతుంది. ఆ బీప్‌లు ఎక్కడ ఎక్కువగా వస్తున్నాయో చూసి, రేపు ప్రమాదాలు జరగబోయే చోట్లను ముందే గుర్తించే పని చేశారు. చూసింది రోడ్డును, ప్రయాణికుణ్ని కాదు. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం ఇలా ఉంటే మాకు ఏ పేచీ లేదు.

ఇంకో మాట. 2022లో చనిపోయినవారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు, 19.5 శాతం పాదచారులు. ప్రజా రవాణా వాహనాలకు ట్రాకింగ్ పరికరాన్ని తప్పనిసరి చేసినప్పుడు బైకులను వదిలేశారు. రేపు లగ్జరీ కార్లు ఒకదాన్నొకటి పలకరించుకుంటూ పోతే మెహిదీపట్నంలో రోడ్డు దాటే ముసలమ్మకు ఒరిగేదేమిటో కూడా ఒప్పందంలో రాయాలి.

రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. టెండర్ పిలిచే ముందు ముసాయిదా ఒప్పందాన్ని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో వెబ్‌సైట్‌లో పెట్టాలి. భద్రతా సందేశాలను నిల్వ చేయకూడదని రాయాలి. బండి జాడను ఇన్సూరెన్స్ కంపెనీకి గానీ ప్రకటనల సంస్థకు గానీ అమ్మడం నిషేధమని, అమ్మితే ఒప్పందం రద్దని రాయాలి. పోలీసులకు కావాలంటే కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలని రాయాలి. ఫోన్ ట్యాపింగ్ కేసు నడుస్తున్న రాష్ట్రంలో ఈ ఆఖరి షరతు ఎందుకని అడిగే అధికారి ఎవరైనా ఉంటే, ఆయనకు ఈ ఫైలు అప్పగించకండి. ఇవన్నీ రాసి, జనం ముందుపెట్టి, అభ్యంతరాలు విన్న తర్వాతే సంతకం చేయండి. అంతవరకు ఈ నగరంలో ఏ స్తంభానికీ ఒక్క పెట్టె కూడా బిగించే హక్కు మీకు లేదు.