అమ్మల వయసుకు మార్కులు వేయొద్దు

మొన్న ఉగాది వేడుకలో అరవై దాటిన అమ్మలకు ఈ పరాయి దేశంలోని మన తెలుగు సంఘం పెట్టిన పోటీ గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. అసలు వయసు కంటే ఎవరు చిన్నగా కనిపిస్తే వారికి కిరీటం. వ్యాఖ్యాత ఒక్కొక్కరి వయసు అడగడం, చెప్పగానే "అబద్ధం! నలభై కూడా ఉండవు" అనడం, హాలంతా చప్పట్లు. తెల్లటి జుట్టు ముడి వేసుకుని వచ్చిన ఒక పెద్దావిడ వంతు వచ్చేసరికి "పెద్దమ్మగారూ, ఇంట్లో హెయిర్ డై అయిపోయిందా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వేసి, మెట్ల కమ్మీ పట్టుకుని దిగి వెనక వరసలో కూర్చున్నారు.

ఆవిడెవరో ముందు వరసల్లో చాలామందికి తెలుసు. నేను పిన్నిగారు అని పిలుస్తాను. కొన్నేళ్ళ కిందట చదువుకోడానికి వచ్చిన ఒక కుర్రాడు ఇక్కడ కారు ప్రమాదంలో పోయినప్పుడు, మృతదేహాన్ని ఇంటికి పంపడానికి మగవాళ్ళం మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ (దేహం పాడవకుండా చేసే పని) సర్టిఫికెట్, కాన్సులేట్ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) అంటూ తిరిగాం. విరాళాలూ పోగయ్యాయి. కానీ అక్కడ ఆ తల్లి ఫోన్ పట్టుకుని "మావాడి ముఖం బాగానే ఉందా బాబూ?" అని అడుగుతుంటే జవాబు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. ఫోన్ పిన్నిగారు తీసుకున్నారు. "చెల్లీ, నేనిక్కడ ఉన్నాను. వాడి దగ్గరికి నేను వెళ్తాను" అన్నారు. వెళ్ళారు. ఫ్యూనరల్ హోమ్‌లో ఆ పిల్లాడి తల దువ్వారు. పెట్టె మూసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ తల్లికి ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉన్నారు.

పుట్టుకతోనే ఆవిడ ఇంత మెత్తని మనిషేం కాదు. ఒకప్పుడు ఆవిడ నోటికి అందరూ జడిసేవాళ్ళు. పొలం పంపకాల్లో మాట పట్టింపు వచ్చి తోడికోడలితో ఏళ్ళ తరబడి ఎడమొహం పెడమొహం. అత్తగారు పోయాక తనే ముందు ఫోన్ చేశారు. "వాళ్ళే చేస్తారని చూస్తూ కూర్చుంటే ఇద్దరిలో ఎవరో ఒకరం పోతాం, అప్పుడు ఏడ్చి ఏం లాభం?" అన్నారు నాతో. కోపం వచ్చిన రోజు ఎవరికీ ఫోన్ చేయకూడదని నియమం పెట్టుకున్నారు. ఏ జవాబైనా మర్నాడే. వయసు దానంతటది మంచితనం తెచ్చిపెట్టదు. వయసుతో పాటు కక్షలూ ముదురుతాయి, చాదస్తమూ ముదురుతుంది. ఆవిడ వాటిని పనిగట్టుకుని, ఒక్కొక్కటిగా వదిలించుకున్నారు.

ఊళ్ళో అయితే పెద్దలకు ఎంత గౌరవమో అని మనం ఇక్కడ చెప్పుకుంటాం గానీ, అదీ పూర్తిగా నిజం కాదు. పెద్దావిడ పూలు పెట్టుకుంటే "ఈ వయసులో సింగారమా" అని బుగ్గలు నొక్కుకున్నది మన అరుగుల మీదే. భర్త పోయినవారిని పేరంటానికి పిలవనిదీ మనమే. అందుకే అలంకరణ వద్దని నేననను. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చి, కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్ళాక పగలంతా నాలుగు గోడల మధ్య గడిపే అమ్మ, పండగనాడు మంచి చీర తీసి కట్టుకుంటే చూసి మురిసిపోతాను. నా బాధంతా మార్కులు వేయడం దగ్గరే. ముఖం మీద వయసు కనిపించకపోతే గొప్ప, కనిపిస్తే తప్పు అని మన పిల్లల ఎదుట మైకు పట్టుకుని చెప్పాం.

గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి (1841–1909) ఫొటో మీరు చూసే ఉంటారు. బ్రిటిష్ చక్రవర్తి ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవానికి పిలిస్తే ఆవిడ రానన్నారనీ, అందుకని ఆ ఫొటో తీయించారనీ చెబుతారు. అది ఆవిడ పెద్ద వయసులోది. దాన్ని చూస్తే ఎవరికైనా దణ్ణం పెట్టాలనిపిస్తుంది గానీ వయసెంతని అడగాలనిపించదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు.

యాభై దాటిన మనందరికీ కూడా ఒక మాట. సంఘం ఎన్నికల్లో మాటా మాటా పెరిగి, పార్కింగ్ లాట్‌లో ఎదురుపడినా తల తిప్పుకుని పోతున్నవాళ్ళు ఎవరెవరో మనకు తెలుసు. ఒకరి ఇంట్లో పెళ్ళికి మరొకరు వెళ్ళడం లేదు. దయచేసి ఇది ఇక్కడితో ఆపేద్దాం. వాట్సాప్ గ్రూపులో ఒళ్ళు మండే మెసేజ్ వస్తే, పిన్నిగారిలాగా జవాబు మర్నాడు రాద్దాం. చాలాసార్లు రాయాల్సిన అవసరమే ఉండదు.

కార్యవర్గానికి నా విన్నపం: దీపావళి కార్యక్రమంలో ఆ పోటీ పెట్టకండి. ఆ సమయం అమ్మలకే ఇవ్వండి. వాళ్ళ చేతి సాయం పొందినవాళ్ళే వేదికెక్కి వాళ్ళను పరిచయం చేయాలి. ఆ కుర్రాడి రూమ్మేట్లు ఇంకా ఈ చుట్టుపక్కలే ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ళను పిలుచుకొచ్చే బాధ్యత నాది.