రెండు విజిల్స్

నాకు సంగీతం తెలియదంటే ఒప్పుకోను. పుట్టింది తిరుపతిలో, పెరిగింది తిరుపతిలో. తెల్లారితే ఎమ్మెస్ గొంతులో సుప్రభాతం వినపడాల్సిందే, ఆ తర్వాతే మా ఇంట్లో పాలప్యాకెట్టు కత్తిరించేది. ఇన్నేళ్ళుగా విన్న చెవులు నావి. అందుకే ఆ రాత్రి మా చెల్లెలి కూతురు ఫోన్‌లో ఇంగ్లీషు పాట పెడితే ఊరుకోలేకపోయాను.

"అది పాట కాదమ్మా, అరుపు."

అది సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంటోంది, మా ఇంట్లోనే ఉంటుంది. "ఎంత ఎత్తు అరుపు మామా? కొలిచినావా?" అంది.

ముప్పై ఏళ్ళు ఆడిట్ చేసినవాణ్ణి పట్టుకుని అడగాల్సిన మాటేనా అది?

పాడేది మరయా కేరీ అట. ఐదు ఆక్టేవుల గొంతని పేరట. ఆక్టేవ్ అంటే మన స్థాయే. 440 హెర్ట్జ్, అంటే సెకనుకు 440 కంపనాల దగ్గర ఒక స్వరం ఉంటే 880 దగ్గర మళ్ళీ అదే స్వరం, పై స్థాయిలో. మన కచేరీల్లో రెండు, రెండున్నర స్థాయిలు హాయిగా తిరిగితే మంచి గొంతంటాం. ఈవిడ 1991లో పాడిన ‘ఎమోషన్స్’ పాటలో మామూలు గొంతు వదిలేసి, ఇంకా పైకి, ఈల లాంటి గొంతులోకి పోతుందట. దాన్ని విజిల్ రిజిస్టర్ అంటారట.

"విజిల్ వచ్చినప్పుడు అదిరిపడొద్దు మామా. ప్రశాంతంగా అంకె రాసుకో" అని, స్వరం కొలిచే యాప్ ఒకటి మా ఆవిడ పాత ఫోన్‌లో వేసి ఇచ్చింది.

మర్నాడు ఆదివారం. పిల్లకు ఏదో రిహార్సల్, పొద్దున్నే పోయింది. చంద్రగిరి నుంచి మా మామగారు భోజనానికి వస్తున్నారు. సంక్రాంతి ముందు రోజులు కాబట్టి వంట ఏమిటో చెప్పక్కర్లేదు: రాగి సంగటి, పితికిపప్పు. మా జిల్లా వాళ్ళకు పితికిపప్పు విలువ చెప్పాలా? అనపకాయలు ఒలవాలి, గింజలు నానబెట్టాలి, ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పితకాలి. తోలు చేతిలో మిగిలి, పప్పు గిన్నెలోకి జారుతుంది. కాస్త గట్టిగా పితికామా, ఎగిరి సోఫా కిందికి పోతుంది. మా ఆవిడా, మా అత్తగారూ రెండు సీరియళ్ళూ ఒక వార్తా బులెటినూ అయ్యేదాకా పితికిన పప్పది.

"రాగిపిండి చాలేలా లేదు, పక్కింటికి పోయొస్తా. రెండు విజిల్స్ రాగానే స్టవ్ కట్టేయండి. లేత పప్పు, మూడోది వస్తే పేస్టే" అని చెప్పి మా ఆవిడ వెళ్ళింది. పక్కింటికి వెళ్ళడమంటే అరగంట.

హాల్లో కూర్చున్నాను. ఒక ఫోన్‌లో పాట, ఇంకో ఫోన్‌లో యాప్, ఒళ్ళో తెల్లకాగితం, గీతలు కొట్టిన గళ్ళు. ఆడిట్ కాబట్టి పాటను మూడుసార్లు వరసగా పెట్టుకున్నాను.

మొదలవ్వగానే సూది 100 దగ్గర నిలబడింది. జుమ్మని ఒకటే నాదం. ఆడమనిషికి ఇంత లోతా! ‘మంద్రం: అమోఘం. శ్రుతి అణువంత కదల్లేదు’ అని రాశాను.

కాసేపటికి వచ్చింది విజిల్. నిజంగానే అదిరిపడ్డాను. ముందు కాస్త గాలి, ఆ గాలిలోంచి నిట్టనిలువుగా లేచిన కూత. సూది పిచ్చిపట్టినట్టు వణికి 4100 చూపించింది. వణుకు చూసి ‘గమకం ఉంది’ అని రాశాను. పిల్లేమో వైబ్రాటో అంటే, అదే వాళ్ళ పాటల్లో గొంతు ఊగడం, ఊరికే వణకడం కాదు, సెకనుకు ఐదారుసార్లు ఒకే లెక్కన ఊగాలి అని చెప్పింది కానీ, నాకు గమకమే అనిపించింది. 

రెండో విజిల్ ఇంకా బిగువుగా వచ్చింది. మూడోది, నాలుగోది... ‘అలుపు లేదు’ అని రాశాను.

మధ్యలో కుక్కర్ గుర్తొచ్చింది. ఇంతసేపైనా ఒక్క కూత కూడా వెయ్యలేదేమిటి? వంటింట్లోకి పోయి చూస్తే మంట సన్నగా ఉంది. అందుకే అనుకుని, పెద్దది చేసి వచ్చి కూర్చున్నాను.

అక్కణ్ణుంచి ఆవిడ విజృంభించింది. మూడోసారి పాట ముగిసినా విజిల్ మాత్రం ఆగలేదు. చెయ్యి వణుకుతుండగా రాశాను: ‘శ్వాస మీద పట్టు: మాటల్లేవు. పాట అయిపోయిన తర్వాత కూడా పాడుతోంది.’

అప్పుడే మా ఆవిడ పిండి గిన్నెతో వచ్చింది. "ఎన్ని విజిల్స్ వచ్చినాయి?"

ఈమెకు కూడా సంగీతం మీద ఆసక్తి కలిగిందని నాకు ఒళ్ళు పులకరించింది. "ఏడు! అన్నీ ఒకే బిగువు!" అన్నాను.

ఆమె నా మొహం చూసింది, ముక్కు ఎగబీల్చింది, గిన్నె నా కాగితం మీదే పెట్టేసి లోపలికి పరిగెత్తింది. మాడు వాసన నాకూ అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం మామగారు సంగటిని ఊరుబిండితో తింటుంటే, మా మేనకోడలు నా కాగితాన్ని అందరికీ వినపడేలా చదివింది. 100 అంటే మరయా కాదట, అపార్ట్‌మెంట్ నీళ్ళ మోటారట. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మోటారు దానికి రెట్టింపులో జుమ్మంటుందట. "కుక్కర్‌కు స్వరమేముంటుంది మామా, అంతా బుస్సుమనే గాలి. యాప్ దానికి ఏదో ఒక అంకె అంటగట్టింది. మోటారు కిందా, కుక్కర్ పైనా. మధ్యలో ఐదు ఆక్టేవులు దాటినాయిలే. లెక్క కరెక్టే, మనిషే మారింది."

"మరి ఆవిడ పాడిన విజిల్ ఏదీ?" అన్నాను.

"నువ్వు మంట పెంచడానికి పోయినప్పుడు వచ్చుంటుంది."

మామగారు మాత్రం మాడిన పప్పును వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, "గొంతు కొంచెం బొంగురు పోయినట్టుందల్లుడూ" అన్నారు.

కాగితం ఇప్పుడు ఫ్రిజ్ మీద అంటించి ఉంది. నిన్న కూడా మా ఆవిడ బాల్కనీలోంచి కేకేసింది: "ఏమండీ, దొరసాని రెండోది ఎత్తుకుంది, పోయి స్టవ్ కట్టేయండి!"