యూరియా బస్తాలో మూటగట్టిన బండి సామాను

మొన్న ఆదివారం గోదాం సర్దుతుంటే మూలన ఒక యూరియా బస్తా కనిపించింది, మూతి బిగించి కట్టేసి. విప్పి చూస్తే అంతా మా ట్రాక్టర్ సామానే. పీటీవో షాఫ్ట్ (ఇంజిన్ బలాన్ని వెనక తగిలించిన పనిముట్టుకి అందించే తిరిగే కడ్డీ) మీద ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు, రెండు బ్రేక్ పెడళ్ళను కలిపే ఇనుప పట్టీ, ట్రాలీ వెనక ఉండాల్సిన ఎర్ర రిఫ్లెక్టర్లు రెండు. బండి కొన్న నెలలోపే ఒక్కొక్కటీ ఊడదీసి దాచాం. పారేయడానికి మనసు రాలేదు, కొత్త సామాను కదా మరి. బండికి ఉంచడానికి మాత్రం చేతులు రాలేదు.

కొన్న రోజు చూడాలి మా భక్తి! చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమ, ముందు కొబ్బరికాయ, వెనక నల్ల తాడుతో దిష్టి బొమ్మ. ఆ దిష్టి బొమ్మ ఇప్పటికీ ఊడలేదు.

ఎవరైనా ట్రాక్టర్ కింద పడి పోతే ఊళ్ళో రెండే మాటలు వినిపిస్తాయి, "ఆయుష్షు అంతే" అని, లేకపోతే "తాగి నడిపాడట" అని. ఈ రెండూ వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ బండికి ఏమేం ఊడదీశారు అని ఒక్కడూ అడగడు. అడిగితే అందరి గోదాముల్లోనూ ఇలాంటి బస్తా బయటపడుతుందని భయమేమో.

ముందు ఆ బ్రేక్ పట్టీ సంగతి చెప్పాలి. ట్రాక్టర్‌కి కుడి చక్రానికి ఒక బ్రేక్, ఎడమ చక్రానికి ఒక బ్రేక్ విడివిడిగా ఎందుకు ఉంటాయంటే, పొలంలో గట్టు దగ్గర మలుపు తిప్పేటప్పుడు ఒక పక్క చక్రాన్ని ఆపితే బండి ఉన్నచోటే తిరుగుతుంది. నాట్లకి ముందు పొలాన్ని బురద చేసే దమ్ములో అది చాలా అవసరం, కాదనను. కానీ రోడ్డెక్కగానే ఆ రెండింటినీ పట్టీతో కలిపెయ్యాలి, లేదంటే కాలు ఒక్కదాని మీదే పడితే బండి ఆగదు, తిరుగుతుంది. మాది సాగర్ ఎడమ కాల్వ కింద ఊరు. నిరుడు వానాకాలం దమ్ము అయ్యాక, కేజ్ వీల్స్ (దమ్ముకి తగిలించే ఇనుప చక్రాలు) విప్పేసి, ట్రాలీలో ఎరువు బస్తాలు వేసుకుని కాల్వ కట్ట మీద వస్తున్నాను. బాగా పొద్దుగూకింది. ఉన్నట్టుండి గేదె అడ్డం వచ్చింది. పొద్దున్నుంచీ బురదలో తొక్కీ తొక్కీ అలవాటు పడ్డ కాలు కుడి పెడల్ మీదే పడింది. బండి కాల్వ వైపు తిరిగిపోయింది. వెనక నుంచి ట్రాలీ తోస్తోంది, దానికి బ్రేకులు ఉండవు కదా. కట్ట మీద పాతిన హద్దురాయి ముందు చక్రానికి తగిలి ఆగింది గానీ, లేకపోతే ఈ పోస్ట్ రాసేవాడు లేడు. గేదె నెమరు ఆపకుండా నన్నే చూస్తూ నిలబడింది.

పట్టీ పెట్టుకున్నా సరిపోదు, ఇంకోటి ఉంది. దమ్ములో రోజంతా మునిగిన పాత బళ్ళలో డ్రై బ్రేకులైతే (ఆయిల్‌లో మునిగి ఉండనివి) తడీ బురదా చేరి ఒక పక్క పట్టి ఇంకో పక్క పట్టకపోవచ్చు. పొలం దిగి రోడ్డెక్కే ముందు ఖాళీ చోట మెల్లగా పోతూ రెండూ కలిపి తొక్కి చూడండి, ఒక పక్కకి లాగితే మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే, "రేపు చూద్దాంలే" కుదరదు.

కాల్వ అనగానే మా ఉమ్మడి నల్గొండ జిల్లా వాళ్ళకి 2018 గుర్తు రావాలి. ఏప్రిల్‌లో పీఏ పల్లి మండలంలో కూలికి పోతున్న ఆడవాళ్ళ ట్రాక్టర్ ఏఎంఆర్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాల్వలో పడి 9 మంది పోయారు. మూడు నెలలు కూడా తిరగలేదు, జూన్‌లో వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర మూసీ కాల్వలో ఇంకో ట్రాక్టర్, 15 మంది. ట్రాలీ బస్తాలకీ గడ్డికీ చేసిన డబ్బా, మనుషులు పట్టుకోవడానికి అందులో ఏమీ ఉండదు. ఇప్పటికీ నాట్ల టైంలో పొద్దున్నే రోడ్డు మీద నిలబడి చూడండి, ట్రాలీలో పాతిక మంది ఆడవాళ్ళు, పక్కన మడ్‌గార్డ్ మీద డ్రైవర్ దోస్తు, సౌండ్ బాక్సుల్లో పాటలు. ఆటోకి డబ్బులు ఇవ్వాల్సి వస్తుందని మనమే ఎక్కిస్తున్నాం, మనం అంటే నేనూ.

ఇక పీటీవో. అది నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 9 చుట్లు. "అరె" అనేలోపు తువ్వాలు మొత్తం చుట్టేసుకుంటుంది. మా బాబాయికి మట్టిని గుల్ల చేసే రోటవేటర్ దగ్గర అదే జరిగింది, ఇంజిన్ ఆపకుండా వంగి ఏదో గడ్డి లాగుతున్నాడు. పాత తువ్వాలు కాబట్టి ఫట్టున చిరిగింది, మెడ మీద ఎర్రటి గీత మిగిలింది. ఆ గీతని నెల రోజులు అందరికీ చూపించుకుంటూ నవ్వాడు. పండక్కి మేం పెట్టిన కొత్త తువ్వాలు ఆ రోజు దండెం మీద ఆరేసి ఉంది, నాకు అదే గుర్తొస్తుంది. తొడుగు ఉంటే గ్రీజు కొట్టడం కష్టం అంటారు. అవును, కష్టమే, ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది.

దిగబడ్డప్పుడు వెనక చక్రాలకి మొద్దు కట్టి ముందుకు లాగించే వీరులకు ఒక మాట. చక్రం తిరగలేకపోతే ఇంజిన్ బలం ఎక్కడికో పోదు, బండినే చక్రం చుట్టూ తిప్పుతుంది, ముక్కు పైకి లేస్తుంది. లేచాక వెనక్కి తిరగబడటానికి ఒకటిన్నర సెకను చాలు. క్లచ్ తొక్కాలని గుర్తొచ్చేలోపు స్టీరింగ్ ఛాతీ మీద ఉంటుంది. రివర్స్‌లో వస్తుందేమో చూడండి, రాకపోతే తవ్వండి, ఇంకో బండితో లాగిస్తే, లాగే బండి వెనక కిందుగా ఉండే డ్రాబార్‌కే గొలుసు కట్టండి, పైన ఉండే టాప్ లింక్‌కి కాదు. తిరగబడ్డా డ్రైవర్ నలిగిపోకుండా సీటు వెనక ఇనుప కమ్మీ చట్రం ఉంటుంది, స్వీడన్ వాళ్ళు కొత్త ట్రాక్టర్లన్నిటికీ 1959లోనే తప్పనిసరి చేశారు. మన దగ్గర ఎక్కడైనా ఒక బండికి అది వస్తే షెడ్డులో పట్టట్లేదనో మామిడి కొమ్మలకి తగులుతోందనో కోసేస్తాం.

కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ (స్టార్టర్) కొట్టేవాళ్ళ గురించి ఎక్కువ రాయను. గేరులో ఉందో లేదో చూసుకోకుండా కొడితే మొదట ఎక్కేది మీ మీదే.

నిన్న బస్తా పట్టుకుని కూర్చున్నాను. బ్రేక్ పట్టీకి తుప్పు పట్టింది, డీజిల్ పోసి నానబెట్టి బిగించాను. రిఫ్లెక్టర్లు కూడా బిగించేశాను. తొడుగు మాత్రం పగిలిపోయింది. కొత్తది కొందామని విడిభాగాల షాపుకి పోతే అతను నన్ను ఎగాదిగా చూసి, "అది ఎవరూ అడగరు తమ్ముడూ, ఆర్డర్ పెట్టాలి" అన్నాడు. పెట్టించాను. ఇంటికొచ్చి చెబితే నాన్న, "నాట్లు అయ్యాక పెట్టుకుందాంలేరా, ఇప్పుడు ఎందుకు తొందర" అన్నాడు.