కాపీ పేస్ట్ చెట్టు గారికి ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి విన్నపం

మహారాజశ్రీ పీఎన్‌జీ చెట్టు గారికి,

నాలుగో సంవత్సరం ఆర్కిటెక్చర్ విద్యార్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఫొటోలోంచి కత్తిరించి మా డ్రాయింగుల్లో అతికించుకునే బొమ్మ చెట్టు కదా తమరు, మీ క్షేమం అడగాల్సిన పని లేదనుకోండి. మీకు నీళ్లక్కర్లేదు, చీడ పట్టదు, కరెంటోళ్లొచ్చి కొమ్మలు కొట్టరు. తెల్లవారుజామున మూడింటికి పిలిచినా పచ్చగా వచ్చి నిలబడతారు.

నాకు ఇన్నాళ్లూ వచ్చిన మార్కుల్లో సగం మీవే. ఆ రుణం ఒప్పుకుందామనే ఈ ఉత్తరం.

ఈ సెమిస్టర్ మాకిచ్చిన ప్రాజెక్టు ఒక లైబ్రరీ. సైటు హైదరాబాద్ శివారులో ఎకరంన్నర. ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగు మీటర్ల వాలు, మధ్యలో ఎవరో పేర్చి మర్చిపోయినట్టు మూడు గుండ్లు, వాటి పక్కన ఒక ముసలి కానుగ. 'ప్రకృతిలో ఒదిగిపోయే భవనం' అని షీటు మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. రాసిన వెంటనే నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ల లేయర్ ఆఫ్ చేశాను. గీతలన్నీ అడ్డొస్తున్నాయి మరి! ఈ చుట్టుపక్కల గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లంటారు. నా పార్కింగ్ ర్యాంపు వయసు అప్పటికి నలభై నిమిషాలు. ఎవరో ఒకరు తప్పుకోవాలి కదా, గుండ్లే తప్పుకున్నాయి. (బయటైతే డ్రిల్లింగు, పేలుడు మందు, పేపర్లో వార్త. కంప్యూటర్లో ప్లాను గీసే ఆటోక్యాడ్‌లో ఒక్క డిలీట్.) కానుగ కూడా సరిగ్గా ర్యాంపు మలుపులోకే వచ్చింది. పెరటి చెట్టు మందుకి పనికిరానట్టే సైట్లో చెట్టు నా రెండరు బొమ్మకి పనికిరాలేదు. తీసేశాను.

తీసేసిన చోటే తమరిని ప్రతిష్ఠించాను. తమరు ఏ దేశస్థులో నాకు తెలియదు. ఆకులు ఎర్రగా ఉన్నాయి, మేపుల్ అనుకుంటా. అంచుల చుట్టూ సన్నగా తెల్లటి గీత, దేవుడి పటంలో తేజస్సులాగా. కత్తిరించినవాడెవడో నాకంటే నిద్ర లేక ఉండుంటాడు. తమరి బంధువులు పన్నెండు మందిని డాబా మీదికి ఎక్కించాను. భవనం నీడ ఎడమకి పడుతుంటే మీ నీడలు కుడికి పడ్డాయి. మా డ్రాయింగులు చూసి మార్కులేసే జ్యూరీలో ఒక సారు కళ్లద్దాలు పైకి తోసుకుని అడిగారు, "ఏమయ్యా, మీ సైట్లో ఇద్దరు సూర్యులా?" అని.

అక్కడితో వదిలేసినా బాగుండేది. "డాబా మీద మట్టి ఎంత లోతు?" అన్నారు. మీటరన్నాను. బోర్డు మీద లెక్క వేయించారు. తడిసిన మట్టి ఘనపు మీటరు 1,800 కిలోలు. మనుషులు తిరిగే డాబాకి మామూలుగా చదరపు మీటరుకి వేసుకునే లైవ్ లోడు, అంటే మనుషులూ సామానూ మోపే బరువు, 150 కిలోలు. మీ బరువు ఇంకా కలపకముందే పన్నెండు రెట్లు. నేను గీసిన స్లాబు మందం 5 అంగుళాలు. "లైబ్రరీ కార్డుతో పాటు హెల్మెట్ కూడా ఇస్తావా?"

నా కాన్సెప్ట్ షీటు చూసి నవ్వాపుకున్నది మాత్రం మేడమ్. అందులో ఎప్పటిలాగే అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఫాలింగ్ వాటర్ ఇల్లు ఉంది, పక్కన శ్రీలంకలో జెఫ్రీ బావా కట్టిన కందలామ హోటలు ఉంది. రైట్ అక్కడున్న బండను కదపకుండా దాన్నే పొయ్యి ముందు నేలగా ఉంచేశాడు. జలపాతం కనబడే ఇల్లు కావాలని అడిగినవాళ్లకి జలపాతం మీదే ఇల్లు పెట్టిచ్చాడు. (బాల్కనీలు కిందికి ఒరిగాయి, 2002లో కేబుళ్లు లాగి నిలబెట్టాల్సొచ్చింది, అది వేరే సంగతి.) 1994లో తెరిచిన కందలామలో కొండరాయి నడవాలోకే వచ్చేస్తుంది. భవనాన్ని స్తంభాల మీద నిలబెట్టడంతో కొండ మీది వాననీళ్లు కింద నుంచి చెరువులోకి జారిపోతాయి. నేను ఆ రెండింట్లోనూ చూసింది పచ్చదనం. తీగలు, ఆకులు, అంటే మీరు.

"సరే, వాన పడితే పైనుంచొచ్చే నీళ్లు నీ సైట్లో ఎటు పోతాయి బాబూ?" అన్నారు మేడమ్.

కాంటూర్లు ఆఫ్‌లో ఉన్నాయి కదండీ. నాకేం తెలుసు?

ఆదివారం మళ్లీ సైటుకి వెళ్లాను. చేతిలో పాత ప్లాను, కాళ్ల కింద కానుగ కాయల పటపట. ఏప్రిల్ ఎండలో ఆ ఒక్క నీడలోనే ఎవరివో నాలుగు మేకలు పడుకుని ఉన్నాయి, నన్ను చూసి జరగను కూడా జరగలేదు. రెండు గుండ్ల మధ్య జానెడు వెడల్పున సన్నటి ఇసుక చార ఒకటి పాములా దిగిపోయింది. దాని పక్క బండకి మోకాలెత్తున ఎండుటాకులు, ఒక బిస్కెట్ కవరు అతుక్కుని ఉన్నాయి. పోయిన వానాకాలం నీళ్లు అంతవరకూ వచ్చాయన్నమాట. మేడమ్ అడిగినదానికి జవాబు అక్కడ రాసిపెట్టి ఉంది. దాని మీదుగానే నేను రీడింగ్ రూమ్ గీశాను.

ఇంటికొచ్చి ప్లాను పక్కన పెట్టి, నేలనీ భవనాన్నీ నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్ నుంచి మొదలుపెట్టాను. లైబ్రరీని రెండు ముక్కలు చేసి మధ్యలో ఇసుక చారను వదిలాను. నేలను నాలుగడుగులకొక మెట్టుగా వాలుతో పాటే దించాను. ర్యాంపు ఎగిరిపోయింది, దాంతో పదకొండు కార్ల పార్కింగూ పోయింది. గుండ్లు వెనక్కొచ్చాయి. కానుగను పెన్సిల్‌తో గీశాను, అస్సలు అందంగా రాలేదు, బూజుకర్రలా ఉంది.

కాబట్టి అయ్యా, ఈసారి తమరి సేవలు అవసరం లేదని మనవి చేసుకుంటున్నాను. మీ ఫోల్డరు ఇంకా డిలీట్ చెయ్యలేదు, అందులో నాలుగు వందల మంది ఉన్నారు, మనసొప్పలేదు.

ఒక్క చిన్న మాట. ఇప్పుడు రాత్రి రెండున్నర, పొద్దున తొమ్మిదికి సబ్మిషన్. ఈశాన్యం మూల జనరేటర్ గది ఒకటుంది, దాన్ని ఎటు తిప్పినా వ్యూలోకి వచ్చేస్తోంది. ఎవరికీ చెప్పకుండా కాసేపు దాని ముందు నిలబడతారా? నీడ ఈసారి ఎడమకే వేయిస్తాను.

ఇట్లు,
తమరి పాత భక్తుడు